కౌన్సిల్ హాల్లో జరిగేదేమిటి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి మున్సిపల్ పాలన మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం. ఫిర్యాదులున్న ఉత్తరాల్లో ఊరి పేరు తీసేశాం.

ప్రశ్న: మా వీధి చివర కల్వర్టు కుంగిపోయింది. కౌన్సిలర్ గారిని అడిగితే "కమిషనర్ చెయ్యాలి, నా చేతిలో ఏముంది" అంటారు. ఆఫీసుకు వెళితే "కౌన్సిల్ తీర్మానం లేనిదే చెయ్యలేం" అంటారు. అసలు పెత్తనం ఎవరిది?
ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

ఇద్దరూ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం చెప్పకపోవడం వల్లే మీరు అటూ ఇటూ తిరగాల్సి వస్తోంది.

మన మున్సిపాలిటీలు, నగర పంచాయతీలు ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం, 1965 ప్రకారం నడుస్తాయి. కౌన్సిల్ నిర్ణయిస్తుంది, కమిషనర్ అమలు చేస్తారు. ఏ వీధికి ఏ పని, ఏ పద్దు నుంచి ఎంత ఖర్చు, పన్ను రేటు ఎంత, మున్సిపల్ షాపులు ఎవరికి ఏ అద్దెకు, ఏడాది బడ్జెట్ ఎంత అన్నవి కౌన్సిల్‌కు రావాలి. సిబ్బందితో పని చేయించడం, బిల్లులు చెల్లించడం, నోటీసులివ్వడం, ఇంటి ప్లాన్లు మంజూరు చేయడం కమిషనర్ పని. ఆయన ప్రభుత్వం నియమించిన అధికారి. సమావేశంలో కూర్చుంటారు, మాట్లాడతారు, ఓటు మాత్రం వేయరు. కౌన్సిల్ తీర్మానం చట్టవిరుద్ధమని ఆయనకు అనిపిస్తే ప్రభుత్వానికి రాస్తారు. దాన్ని నిలిపివేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

చైర్‌పర్సన్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు. పనులను తనిఖీ చేయవచ్చు, రికార్డులు అడగవచ్చు. అంతేగాని ఒక శానిటరీ మేస్త్రీని ఈ వీధి నుంచి ఆ వీధికి మార్చమని సొంతంగా ఉత్తర్వు ఇవ్వలేరు. వార్డు కౌన్సిలర్‌కైతే సొంతంగా ఏ ఉత్తర్వూ ఇచ్చే అధికారం లేదు. వారి బలమంతా సమావేశంలో వేసే ప్రశ్నలోనూ ఓటులోనూ ఉంది.

ఇక మీ కల్వర్టు సంగతి. కొత్తగా కట్టాలంటే అంచనా, తీర్మానం, టెండరు కావాలి. ఈలోగా ఎవరూ అందులో పడకుండా అడ్డు పెట్టడానికీ, ఎర్ర గుడ్డ కట్టడానికీ, మట్టి బస్తాలు వేయడానికీ ఏ తీర్మానమూ అక్కర్లేదు. అది ఆ రోజే జరగాలి. అందుకని రెండు అర్జీలు వేరువేరుగా ఇవ్వండి. ఒకటి తక్షణ రక్షణ కోసం, రెండోది కొత్త కల్వర్టు కోసం. రెండూ కలిపి రాస్తే మొదటిది కూడా రెండోదాని ఫైలుతోపాటు పడుకుంటుంది.

రెండో అర్జీ మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడి నుంచి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీస్తారు. అంచనా వేశాక పని విలువను బట్టి పై ఇంజినీరు సాంకేతిక మంజూరు ఇస్తారు. తరువాత అజెండాలోకి ఎక్కుతుంది. కౌన్సిల్ ఆమోదం, టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు ఆ వరసలో వస్తాయి. ఏ మెట్టు దగ్గరా ఆగకపోతే రెండు మూడు నెలల పని. మామూలుగా ఆగేది అంచనాకీ అజెండాకీ మధ్య. కౌన్సిలర్‌ను "పని ఎప్పుడవుతుంది" అని అడక్కండి. "అంచనా తయారైందా, వచ్చే నెల అజెండాలో ఉందా" అని అడగండి. దానికి అవుననో కాదనో చెప్పక తప్పదు.

చెత్త, కాలువల పూడిక అయితే శానిటేషన్ కార్యదర్శి, ఇంటి నిర్మాణాలు, ఆక్రమణలైతే ప్లానింగ్ కార్యదర్శి, వీధి దీపాలు, కుళాయిలు ఎమినిటీస్ కార్యదర్శి చూస్తారు. ఇంటిపన్ను కోసం అడ్మిన్ కార్యదర్శి దగ్గరకు వెళ్లాలి. ఇవేవీ తీర్మానం కోసం ఆగే పనులు కావు.

ప్రశ్న: వార్డు మెంబరుగా పోటీ చేద్దామని అనుకుంటున్నాను. నేను స్వయం సహాయక సంఘంలో పదేళ్లుగా లెక్కలు రాస్తున్నదాన్ని. గెలిస్తే కౌన్సిల్ సమావేశంలో ఏం చూడాలో, ఎలా మాట్లాడాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, పలాస-కాశీబుగ్గ

సంఘం పుస్తకాలు రాసిన చెయ్యి కాబట్టి మీకు సగం పని వచ్చినట్టే. కౌన్సిల్‌లో గొంతు పెద్దగా ఉన్నవారి కన్నా కాగితం చదివినవారి మాటే నిలబడుతుంది.

సాధారణ సమావేశం నెలకొకటి జరగాలి. అజెండా మూడు పూర్తి రోజులు ముందుగా సభ్యుల చేతికి రావాలి. పూర్తి రోజులంటే, ఇచ్చిన రోజునూ సమావేశం రోజునూ లెక్కలోకి తీసుకోకూడదు. 30వ తేదీన సమావేశమైతే 26న మీకు అందాలి. అజెండా పట్టుకొచ్చిన అటెండరు సంతకం పెట్టమని పుస్తకం చాపుతాడు. సంతకం పక్కన తేదీ, టైము మీ చేత్తోనే వేయండి. ముందు తేదీ వేయమని అడిగితే వేయకండి. 29 సాయంత్రం ఇచ్చి 26న ఇచ్చినట్టు పుస్తకంలో ఉంటే, తరువాత మీరు ఎంత అరిచినా ఆ పుస్తకమే సాక్ష్యం.

అజెండాలో ఒక్కో అంశానికీ విషయం, కింద ఆఫీసు నోటు, కావలసిన మొత్తం, ఏ నిధి నుంచి అన్నవి ఉంటాయి. ఒక సీసీ (సిమెంటు కాంక్రీటు) డ్రెయిన్ అంశం వచ్చిందనుకోండి. మొదట ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అన్నది చూడండి. "ఫలానా వీధిలో డ్రెయిన్" అని మాత్రమే రాసి, మొదలూ చివరా లేకపోతే ఆ అంశం అసంపూర్ణమే. తరువాత పొడవు. ఆ తరువాత, చాలామంది అడగని ప్రశ్న: ఈ నీరు చివరికి ఎందులో కలుస్తుంది? కొత్త కాలువ అడుగు మట్టం పాత పెద్ద కాలువ అడుగు కన్నా పైన ఉండాలి. లేకపోతే నీరు ముందుకు పోదు. కట్టిన మొదటి వానకే ఇళ్లలోకి తన్నుకొస్తుంది. చిన్న పట్టణాల్లో డ్రెయిన్లు పనికిరాకుండా పోవడానికి సిమెంటు తగ్గడం కన్నా ఈ వాలు చూడకపోవడమే పెద్ద కారణమని మా అభిప్రాయం. ఏఈ గారిని సమావేశంలోనే అడగండి, జవాబు మినిట్స్‌లో (సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలో) రాయించండి.

ఒకే వీధికి మూడు నాలుగు అంశాలు, ఒక్కోటీ టెండరు తప్పనిసరయ్యే పరిమితికి కాస్త కిందగా కనబడితే ఆగి చూడండి. పెద్ద పనిని ముక్కలు చేసి పోటీ లేకుండా ఇచ్చే పద్ధతి అది. "ఇవన్నీ కలిపి ఒకే అంచనాగా ఎందుకు పెట్టలేదు?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

"ర్యాటిఫికేషన్ కొరకు" అన్న మాట ఉన్న అంశాలన్నిటి కిందా గీత గీసుకోండి. అంటే ఖర్చు ఇప్పటికే అయిపోయింది, మీ ఆమోదం ఇప్పుడు అడుగుతున్నారు. ఇది ఎప్పుడూ తప్పే అనడానికి లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు తొలగించడానికి, ట్యాంకర్లతో నీళ్లు పంపడానికి కౌన్సిల్ కూర్చునేదాకా ఎవరూ ఆగలేరు. అలాంటి ఖర్చు తరువాత ఆమోదానికి రావడం సబబే. అయితే ఏడాది పొడవునా కొనే బ్లీచింగ్ పౌడరు, బల్బులు, మోటారు రిపేర్లు నెలనెలా ర్యాటిఫికేషన్‌కే వస్తుంటే ముందుచూపు లేదని అర్థం. ఎవరి దగ్గర కొన్నారు, ఎన్ని కొటేషన్లు తీసుకున్నారు, స్టాకు రిజిస్టరులో ఏ పేజీలో ఎక్కింది అని అడగండి.

ఇంకొకటి టేబుల్ అజెండా. సమావేశం మొదలయ్యాక బల్ల మీద పంచే కాగితాలు ఇవి. చదివే వ్యవధి ఉండదు. అత్యవసరమైతే తప్ప టేబుల్ అజెండాలో డబ్బు అంశాలు ఒప్పుకోవద్దు. వచ్చే సమావేశానికి వాయిదా వేయమనండి. మీ మాట నెగ్గకపోతే మీ అసమ్మతిని రెండు మూడు వాక్యాల్లో కాగితం మీద రాసి, అంశం నెంబరు వేసి, సంతకం చేసి అధ్యక్షస్థానానికి అక్కడికక్కడే ఇవ్వండి. మినిట్స్‌లో చేర్చమని గట్టిగా అడగండి. నోటితో "మేం వ్యతిరేకం" అని వాకౌట్ చేస్తే మరుసటి నెల మినిట్స్‌లో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని కనబడవచ్చు.

అందుకే ప్రతి సమావేశంలో మొదట పాత మినిట్స్ చదివించండి. హాజరు పుస్తకంలో సంతకం చేసేటప్పుడు అది హాజరు పుస్తకమేనా, తీర్మానాల కింద ఖాళీ పేజీయా అని చూసుకోండి. ఖాళీ పేజీ మీద సంతకం సంఘంలో ఎంత ప్రమాదమో ఇక్కడా అంతే.

వరసగా మూడు నెలలు సమావేశాలకు రాకపోతే సభ్యత్వానికే ముప్పు. మున్సిపాలిటీతో నడుస్తున్న కాంట్రాక్టులో మీకు వాటా ఉన్నా అనర్హతే. ఇంట్లో ఎవరైనా కాంట్రాక్టు పనులు చేసేవారుంటే నామినేషన్‌కు ముందే న్యాయవాదిని అడిగి తేల్చుకోండి.

ప్రశ్న: మహిళా కౌన్సిలర్ తరఫున ఆమె భర్త సమావేశంలో కూర్చోవచ్చా?
ఒక పాఠకురాలు, రాజాం

కూర్చోకూడదు. సభ్యురాలు తప్ప మరెవరూ ఆ కుర్చీలో కూర్చోవడానికి, మాట్లాడడానికి, సంతకం పెట్టడానికి వీల్లేదు. ప్రజల వరసలో కూర్చుని చూడవచ్చు. కౌన్సిల్ సమావేశాలు మామూలుగా అందరికీ తెరిచే ఉంటాయి. అక్కడి నుంచి సైగలు చేస్తుంటే బయటికి పంపమని ఏ సభ్యుడైనా అధ్యక్షస్థానాన్ని కోరవచ్చు.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం మహిళలవి. ఆ సగాన్ని భర్తలకు అప్పగించడమంటే ఓటు వేసినవాళ్లను మోసం చేయడమే. ఆఫీసు సిబ్బంది కూడా ఫోను భర్తకు చేసి, "మేడమ్‌కు చెప్పండి సార్" అనడం మానుకోవాలి. అజెండా ఆమె చేతికే ఇవ్వాలి.

ప్రశ్న: శ్రీకాకుళం కార్పొరేషన్ అయ్యాక కూడా మాకు మేయరు లేరు, కార్పొరేటర్లు లేరు. ఎన్నికలు లేకపోతే నష్టం ఏమిటి? అధికారులు బాగానే నడుపుతున్నారు కదా అని కొందరు అంటున్నారు.
ఒక పాఠకుడు, శ్రీకాకుళం

శ్రీకాకుళంలో 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో తీరింది. 2014లో రాష్ట్రంలోని ఇతర పట్టణాలకు ఎన్నికలు జరిగినా ఇక్కడ జరగలేదు. 2015లో కార్పొరేషన్ హోదా వచ్చింది. 2021 మార్చి 10న రాష్ట్రవ్యాప్తంగా పోలింగు జరిగినప్పుడు విజయనగరం కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు, బొబ్బిలి, నెల్లిమర్ల, పార్వతీపురం, సాలూరులలో, ఇటు ఇచ్చాపురం, పలాస-కాశీబుగ్గ, పాలకొండలలో ఎన్నికలు పెట్టారు. శ్రీకాకుళం, ఆమదాలవలస, రాజాం మాత్రం ఆ జాబితాలో లేవు. చుట్టుపక్కల పంచాయతీల విలీనం మీద వివాదాలు, కోర్టు కేసులు దీనికి కారణం. ఏ గ్రామం పట్టణంలో ఉంటుందో తేలనిదే వార్డుల హద్దులు తేలవు. హద్దులు తేలనిదే ఓటర్ల జాబితా, రిజర్వేషన్లు తేలవు.

అయినా రాజ్యాంగం ఇందుకు సాకు ఇవ్వలేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ ప్రకారం మున్సిపాలిటీ గడువు ఐదేళ్లు, అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు. గడువు తీరేలోపే కొత్త పాలకవర్గానికి ఎన్నిక ముగియాలి. మధ్యలో రద్దయితే ఆరు నెలల్లోపు. అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. వార్డుల విభజన లాంటి పనులు ముందే మొదలుపెట్టుకోవాలని, వాటిని చూపించి ఎన్నికలు ఆపకూడదని స్పష్టం చేసింది.

నష్టాల్లో కళ్లకు కనబడేది డబ్బు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇచ్చిన నిధులు పద్ధతి ప్రకారం ఎన్నికై ఏర్పడిన స్థానిక సంస్థలకే. పాలకవర్గం లేని ఊరికి ఆ తలుపు మూసుకుంటుంది.

కనబడని నష్టం అంతకన్నా పెద్దది. ప్రత్యేకాధికారి పాలనలో కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాన్ని ఒక అధికారే చేస్తారు. అజెండా ఇంటింటికీ వెళ్లదు, దాన్ని ప్రశ్నించే మనిషి ఉండడు, అసమ్మతి నోటు రాసేవారు ఉండరు. ఆ అధికారికి జిల్లా అంతటి పనీ నెత్తిన ఉంటుంది. ఎంత సమర్థులైనా ప్రతి వీధి మలుపూ వారికి తెలియదు, బదిలీ అయ్యాక మీ వీధిలో ఎదురుపడరు. అధికారులు బాగానే నడుపుతున్నారన్నది మనుషుల గురించిన మాట. మీరు అడగాల్సింది, బాగా నడపకపోతే ఎవరిని దించగలం అన్నది.

ప్రశ్న: చైర్‌పర్సన్ మీద అవిశ్వాసం పెట్టాలంటే ఎంతమంది కావాలి? ఎమ్మెల్యే, ఎంపీల ఓటు లెక్కలోకి వస్తుందా?
ఒక పాఠకుడు, బొబ్బిలి

ముందు చైర్‌పర్సన్ ఎన్నిక ఎలా జరుగుతుందో చెప్పుకుందాం. ప్రజలు నేరుగా ఎన్నుకోరు. గెలిచిన వార్డు సభ్యులు తొలి సమావేశంలో చేతులెత్తి ఎన్నుకుంటారు. గుర్తింపు పొందిన పార్టీలు విప్ (ఎవరికి ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేయవచ్చు. ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. ఓట్లు సమానమైతే చీటీలు తీస్తారు. 2021లో తెచ్చిన సవరణతో వైస్ చైర్‌పర్సన్లు ఇద్దరయ్యారు.

ఊరు తమ నియోజకవర్గంలో ఉన్న ఎమ్మెల్యే, ఎంపీ ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు. వీరికి ఓటు ఉంది. కానీ ఒక ఎంపీ పరిధిలో నాలుగైదు పట్టణాలుంటే అన్నిచోట్లా ఓటు వేయలేరు. ఏదో ఒక మున్సిపాలిటీని ఎంచుకుని రాసివ్వాలి. మిగతాచోట్ల కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. కో-ఆప్షన్ సభ్యులకు (కౌన్సిలే ఎంచుకుని చేర్చుకునేవారికి) మాట్లాడే హక్కే తప్ప ఓటు లేదు.

ఇప్పుడు లెక్క. మీ మున్సిపాలిటీలో 31 వార్డులు. ఎమ్మెల్యే, ఎంపీ ఇద్దరూ ఇక్కడే ఓటు ఎంచుకున్నారనుకుంటే ఓటున్న సభ్యులు 33 మంది. నోటీసు మీద కనీసం సగం మంది, అంటే 17 మంది సంతకం చేయాలి. దాన్ని కలెక్టరుకు అందించాలి. కలెక్టరు సంతకాలు సరిచూసుకుని ప్రత్యేక సమావేశానికి తేదీ ఇస్తారు, దానికి ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు. తీర్మానం నెగ్గాలంటే మొత్తం ఓటున్న సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే 22 మంది చేతులెత్తాలి. హాజరైనవారిలో రెండొంతులు కాదు, మొత్తంలో. ఇక్కడే చాలామంది పొరబడతారు. 25 మంది వచ్చి 20 మంది చేతులెత్తితే వచ్చినవారిలో ఐదింట నాలుగు వంతులైనా తీర్మానం వీగిపోయినట్టే. ఎమ్మెల్యే గాని ఎంపీ గాని వేరే ఊరిని ఎంచుకుంటే మొత్తం మారుతుంది. కాబట్టి సంతకాలకు ముందే ఓటున్న సభ్యుల జాబితా కమిషనర్ దగ్గర లిఖితపూర్వకంగా తీసుకోండి.

పదవి చేపట్టి నాలుగేళ్లు నిండనిదే అవిశ్వాసం పెట్టే వీల్లేదన్నది మరో నిబంధన. అవినీతి ఆరోపణ ఉంటే నాలుగేళ్లు ఆగనక్కర్లేదు, అది వేరే దారి. ఆధారాలతో ప్రభుత్వానికి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: పంచాయతీగా ఉన్నప్పుడు ఇంటిపన్ను తక్కువ. నగర పంచాయతీ అయ్యాక ఏటా పెరుగుతోంది. ఈ లెక్క ఎలా వేస్తారు? తగ్గించమని అడగవచ్చా?
ఒక పాఠకుడు, నెల్లిమర్ల

2021-22కు ముందు మున్సిపాలిటీల్లో ఇంటికి వచ్చే అద్దె విలువ ఆధారంగా పన్ను వేసేవారు. ఆ ఏడాది నుంచి ఇల్లు, స్థలం కలిపిన మూలధన విలువ మీద వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలోని విలువే దీనికి ఆధారం. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, దుకాణాలు వంటివాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు పెట్టుకునే వీలుంది. మీ కౌన్సిల్ ఎంత రేటు తీర్మానించిందో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే పక్క ఊరి రేటు మీకు వర్తించదు.

కొత్త లెక్కలో పన్ను ఒకేసారి ఎగబాకకుండా నిరుటి పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. కొత్త లెక్కలో తేలిన మొత్తం చేరేదాకా ఇలా మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మీ పాత పన్ను ఏడాదికి రూ.2,000 అయి, కొత్త లెక్కలో రూ.3,000 తేలిందనుకోండి. మొదటి ఏడు రూ.2,300, రెండో ఏడు రూ.2,645. మూడో ఏడు 15 శాతం కలిపితే రూ.3,041 దాటుతుంది గనుక రూ.3,000 దగ్గర ఆగాలి. ఏటా ఎందుకు పెరుగుతోందన్న మీ అనుమానానికి జవాబు ఇదే. ఆ గమ్యం అంకె ఎంతో మున్సిపాలిటీ పన్నుల డిమాండు రిజిస్టరులో ఉంటుంది. దాన్ని అడిగి రాసుకోండి. దాన్ని దాటి వేస్తే అప్పుడు అభ్యంతరం చెప్పాలి.

తప్పులు ఎక్కువగా కొలతల్లో దొర్లుతాయి. రేకుల షెడ్డును శ్లాబుగా, సొంతంగా ఉంటున్న ఇంటిని అద్దె ఇల్లుగా, ముందు గదిలో కుట్టుమిషను ఉంటే మొత్తం ఇంటిని వాణిజ్యంగా రాసేస్తారు. బిల్లులో కప్పు రకం, చదరపు అడుగులు, వాడకం ఈ మూడూ చూసుకోండి. తప్పుంటే కమిషనరుకు రివిజన్ పిటిషన్ ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే విశాఖపట్నంలోని రీజినల్ డైరెక్టర్-కమ్-అప్పిలేట్ కమిషనర్ దగ్గర అప్పీలు. నోటీసు మీద ఇచ్చిన గడువు దాటనివ్వకండి. కౌన్సిలర్ సిఫారసుతో ఒక ఇంటి పన్ను తగ్గదు, అది కౌన్సిల్ అధికారంలో లేని పని.

పన్ను ఏడాదికి రెండు విడతలు. మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ 30లోగా, రెండోది డిసెంబరు 31లోగా కట్టాలి. దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అది మున్సిపాలిటీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల్సిన డబ్బు. మీ ఊరి లైబ్రరీకి పుస్తకాలు, పేపర్లు రాకపోతే ఆ సెస్సు జమ చేశారా లేదా అన్నది కౌన్సిల్‌లో అడగదగ్గ ప్రశ్న. ఇంటింటి చెత్త సేకరణకు వసూలు చేసిన రుసుమును మాత్రం ప్రభుత్వం 2024లో రద్దు చేసింది.

ప్రశ్న: ఆర్థిక సంఘం నిధులు ఖాతాలో ఉన్నాయంటారు, మా వీధికి రోడ్డు వేయడానికి మాత్రం డబ్బులేదంటారు. ఇదెలా?
ఒక పాఠకుడు, ఇచ్చాపురం

రెండూ ఒకేసారి నిజం కావచ్చు. 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన ప్రతి 100 రూపాయల్లో 30 తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి, 30 పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకు కట్టేసింది. మిగిలిన 40 స్థానిక అవసరాలకు, అయితే జీతాలకు వాడకూడదు. నీటి పద్దులో లక్షలున్నా రోడ్డుకు తీస్తే ఆడిట్‌లో పడుతుంది. సొంత ఆదాయంలో, తప్పనిసరి ఖర్చులు పోగా మిగిలినదాంట్లో 40 శాతం పేదల వాడలకు ఖర్చు చేయాలన్న ఉత్తర్వు కూడా ఉంది. మీ వీధి ఆ కోవలోకి వస్తే ఆ పద్దు పేరు చెప్పి అడగండి. ఒట్టిగా "నిధులు" అని అడిగితే "లేవు" అన్న జవాబే వస్తుంది. పద్దుల వారీగా నిల్వ ఎంత అని అడిగితే అంకెలు చెప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: వేసి ఏడాది తిరక్కుండా సీసీ రోడ్డు పెచ్చులూడింది. ఎవరిని పట్టుకోవాలి?
ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

కాంట్రాక్టు అగ్రిమెంటులో లోపాల బాధ్యత గడువు అని ఒక షరతు ఉంటుంది. ఆ గడువులో పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. అంతవరకు ఆయన బిల్లులోంచి పట్టుకున్న డిపాజిట్ మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. ఆ డబ్బు వెనక్కి ఇచ్చేసేలోపు మీ ఫిర్యాదు చేరాలి. అదే అసలు పట్టు.

సమాచార హక్కు కింద నాలుగు కాగితాలు అడగండి: ఆ పని అంచనా, అగ్రిమెంటు, ఎం బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఆ పని పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక. పని పేరు, వార్డు, ఏడాది స్పష్టంగా రాయండి. దరఖాస్తు రుసుము రూ.10, నకలుకు పేజీకి రూ.2. తెల్లరేషన్ కార్డు ఉంటే నకలు జతచేయండి, రుసుము ఉండదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని అప్పీలు అధికారికి రాయాలి.

కాగితాలు చేతికొచ్చాక టేపు పట్టుకుని రోడ్డు మీదకు వెళ్లండి. ఎం బుక్‌లో పొడవు, వెడల్పు, మందం మూడు అంకెలు ఉంటాయి. పొడవు, వెడల్పు ఎవరైనా కొలవగలరు. మందం కోసం రోడ్డు చివర అంచు మట్టి కాస్త తొలగించి చూడండి. 150 మిల్లీమీటర్లు అని రాసి, అక్కడ నాలుగు వేళ్ల మందమే ఉంటే, స్కేలు పెట్టి ఫొటో తీయండి. అయితే అంచు దగ్గర మాత్రమే పలచగా పోసి ఉండవచ్చు. కాబట్టి మధ్యలో కోర్ (గుండ్రటి కాంక్రీటు ముక్క) తీసి పరీక్షించమని అర్జీలో కోరండి. కొలతలన్నీ సరిపోయి పైపొర మాత్రం రాలుతుంటే క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) లోపం అయ్యే అవకాశం ఎక్కువ. మే నెల ఎండలో పోసి, గట్లు కట్టి నీళ్లు నిలపకుండా వదిలేస్తే పైన పిండిలా లేస్తుంది.

అర్జీ కమిషనరుకు ఇచ్చి, ఒక ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నెంబరు తీసుకోండి. మీ కౌన్సిలర్‌కు ఇచ్చే ప్రతిలో "బాగుచేసేదాకా డిపాజిట్ విడుదల చేయరాదని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టండి" అని రాయండి.

ప్రశ్న: నాకు ముగ్గురు పిల్లలు. మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయవచ్చా?
ఒక పాఠకుడు, ఆమదాలవలస

చేయవచ్చు. ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో శాసనసభ సవరణ చేసి తీసేసింది. 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆ పట్టణం ఓటర్ల జాబితాలో పేరుండాలి. మీ పేరు ఏ వార్డులో ఉన్నా పట్టణంలో వేరే వార్డు నుంచి పోటీ చేయవచ్చు, మిమ్మల్ని ప్రతిపాదించే ఓటరు మాత్రం పోటీ చేసే వార్డువారే అయివుండాలి. నామినేషన్ల రోజు దాకా ఆగకుండా జాబితాలో పేరు, ఇంటిపేరు, వయసు తప్పుల్లేకుండా ఉన్నాయేమో ఇప్పుడే చూసుకోండి.